అనాక్సిమాండర్: భావాలు, ప్రభావం

అనాక్సిమాండర్ (సుమారు క్రీ.పూ. 610–546) తొలితరం గ్రీకు తత్త్వవేత్తల్లో ఒకడు. ఆసియా మైనర్ పడమటి తీరాన ఉన్న మిలీటస్ నగరానికి చెందినవాడు. సమస్త సృష్టికీ మూలం నీరో, గాలో, నిప్పో కాదనీ, హద్దూ రూపూ లేని ‘అపైరాన్’ అనీ ప్రతిపాదించాడు. భూమిని ఏదీ మోయడం లేదనీ, అది విశ్వం నడిబొడ్డున నిరాధారంగా నిలిచి ఉందనీ గ్రీకుల్లో మొదట వాదించినవాడు ఆయనే. పిడుగులకూ గ్రహణాలకూ జీవుల పుట్టుకకూ దేవతల కోపతాపాలతో పనిలేని కారణాలు వెదికాడు. గ్రీకులకు తొలి ప్రపంచ పటం గీసి ఇచ్చాడు. ఆయన ఇచ్చిన జవాబుల్లో చాలా వరకు తరవాతి కాలంలో నిలవలేదు. కానీ కంటికి కనిపించేదాన్ని పట్టుకుని, కనిపించనిదాన్ని తర్కంతో చేరుకునే సాహసం ఆయన చేశాడు. తత్త్వశాస్త్ర చరిత్రలోనూ విజ్ఞానశాస్త్ర చరిత్రలోనూ ఆయనకు దక్కిన స్థానానికి ఆ సాహసమే కారణం.

జీవితం, కాలం

అనాక్సిమాండర్ తండ్రి పేరు ప్రాక్సియడీస్. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన చరిత్రకారుడు అపొలొడోరస్ లెక్క ప్రకారం 58వ ఒలింపియాడ్ రెండో ఏట, అంటే క్రీ.పూ. 547–546లో, ఆయన వయసు 64 ఏళ్లు. ఆ తరవాత కొద్దికాలానికే మరణించాడు. ఈ లెక్కను బట్టే ఆయన పుట్టుక క్రీ.పూ. 610 ప్రాంతమని నిర్ణయించారు. గ్రీకు తత్త్వానికి ఆద్యుడిగా పేరుపడ్డ థేలీస్ ఆయనకు గురువు. బంధువు అని కూడా కొందరు ప్రాచీనులు రాశారు. థేలీస్, అనాక్సిమాండర్, ఆయన తరవాతివాడైన అనాక్సిమినీస్ ముగ్గురినీ కలిపి మిలీటస్ సంప్రదాయం అంటారు.

జీవిత విశేషాలు మిగిలింది తక్కువ. నల్ల సముద్ర తీరాన, ఇప్పటి బల్గేరియాలో ఉన్న అపొలోనియాకు వలస వెళ్లిన మిలీటస్ వాసులకు ఆయన నాయకత్వం వహించాడని ఒక కథనం. భూకంపం రాబోతోందని స్పార్టా ప్రజలను ముందే హెచ్చరించి, ఇళ్లు వదిలి బయట పడుకోమన్నాడని రోమన్ రచయిత సిసిరో చెప్పిన మరో కథనం. ఊరి పనుల్లోనూ దేశాటనలోనూ పాలుపంచుకున్న మనిషిగానే ఈ కథనాలు ఆయనను చూపిస్తాయి.

మిలీటస్ నేపథ్యం

క్రీ.పూ. 6వ శతాబ్దిలో మిలీటస్ గ్రీకు ప్రపంచంలోని సంపన్న నగరాల్లో ఒకటి. మియాండర్ నది సముద్రంలో కలిసే చోట వెలసిన రేవు పట్నం. నల్ల సముద్రం చుట్టూ ఎన్నో వలస పట్టణాలు స్థాపించింది. ఈజిప్టుతో వర్తకం నడిపింది. పక్కనున్న లిడియా రాజ్యం మీదుగా బాబిలోనియా జ్ఞానం ఈ తీరానికి చేరేది. రకరకాల దేశాల సరుకుతో పాటు రకరకాల దేవుళ్ల కథలూ రేవులో దిగేవి. ఒకే ప్రశ్నకు ఒక్కో జాతి ఒక్కో కథ చెబుతుంటే, ఏది నిజమో తేల్చుకోవడానికి కథకు బయట ఒక కొలత కావాలి. ఆ కొలతను తర్కంలో వెదికినవాళ్లు మిలీటస్ తత్త్వవేత్తలు.

క్రీ.పూ. 494లో పర్షియన్లు ఈ నగరాన్ని ధ్వంసం చేశారు. తరవాత మళ్లీ కట్టుకున్నారు. నది మోసుకొచ్చిన ఒండ్రుతో రేవు పూడిపోయింది. ఇప్పుడు టర్కీలో ఉన్న ఆ శిథిలాలు సముద్రానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, పొలాల నడుమ కనిపిస్తాయి.

రచన, ఆధారాలు

అనాక్సిమాండర్ తన ఆలోచనలను వచనంలో గ్రంథస్థం చేశాడు. గ్రీకు భాషలో తొలి వచన రచనల్లో అది ఒకటి. అంతవరకు లోకం పుట్టుక వంటి గంభీర విషయాలను కవులు ఛందస్సులోనే చెప్పేవారు. ఆ గ్రంథాన్ని తరవాతివారు ‘ప్రకృతి గురించి’ అనే పేరుతో వ్యవహరించారు. గ్రంథం మొత్తం నష్టమైంది. అందులోనిదిగా గుర్తించగలిగే ఒక వాక్యం మాత్రం మిగిలింది.

ఆ వాక్యం మన దాకా వచ్చిన దారి పొడవైనది. అరిస్టాటిల్ శిష్యుడు థియోఫ్రాస్టస్ క్రీ.పూ. 4వ శతాబ్దిలో పూర్వ తత్త్వవేత్తల సిద్ధాంతాలను సంకలనం చేశాడు. దాని నుంచి క్రీ.శ. 6వ శతాబ్దిలో సింప్లిషియస్ తన అరిస్టాటిల్ వ్యాఖ్యానంలోకి ఆ వాక్యాన్ని ఎత్తి రాసుకున్నాడు. అప్పటికి అనాక్సిమాండర్ మరణించి వెయ్యేళ్లు దాటింది. మిగతా సమాచారమంతా అరిస్టాటిల్, హిప్పోలిటస్, ప్లూటార్క్, డయోజెనీస్ లేర్షియస్ వంటివారు తమ మాటల్లో చెప్పిన సారాంశమే.

అపైరాన్

థేలీస్ అన్నిటికీ మూలం నీరన్నాడు. అనాక్సిమాండర్ గురువు అడిగిన ప్రశ్నను స్వీకరించి, జవాబును కాదన్నాడు. మూలం అనే అర్థంలో ‘ఆర్కే’ అన్న మాటను మొదట వాడింది ఈయనేనని సింప్లిషియస్ రాశాడు.

నీరు ఎందుకు కాకూడదు? లోకంలో విరుద్ధ గుణాలు ఎప్పుడూ పోరాడుతుంటాయి. వేడి చలిని తరుముతుంది, తడి పొడిని మింగుతుంది. వీటిలో ఏ ఒక్కటి అనంతమైనా, రెండోది ఎప్పుడో నశించిపోయి ఉండాలి. అంతులేని నీరే మూలమైతే నిప్పు పుట్టడానికి చోటే ఉండదు. నిప్పు ఉంది కాబట్టి మూలం నీరు కాదు. అదే తర్కంతో నిప్పూ కాదు, గాలీ కాదు. ఈ వాదాన్ని అరిస్టాటిల్ తన ‘భౌతికశాస్త్రం’లో పేరు చెప్పకుండా ప్రస్తావించాడు. సింప్లిషియస్ దాన్ని అనాక్సిమాండర్‌కు ఆపాదించాడు. విరుద్ధ గుణాలన్నీ ఏదో ఒకదాని నుంచి విడివడ్డాయంటే, ఆ ఒకటి వీటిలో ఏ పక్షానికీ చెందకూడదు. దానికే ఆయన అపైరాన్ అని పేరు పెట్టాడు.

అపైరాన్ అంటే పొలిమేర లేనిది అని అర్థం. తెలుగులో అపారం, అనంతం అనే మాటలు దీనికి దగ్గరగా వస్తాయి. దానికి పుట్టుక లేదు, ముసలితనం లేదు, చావు లేదు. అది అన్నిటినీ ఆవరించి, అన్నిటినీ నడిపిస్తుంది. గ్రీకులు తమ దేవతలకు ఇచ్చిన విశేషణాలను ఆయన ఒక పదార్థ తత్త్వానికి ఇచ్చాడు. దానికి ముఖం లేదు, కోరిక లేదు, పూజ అక్కర్లేదు. హద్దు లేకపోవడమంటే విస్తీర్ణంలో అంతం లేకపోవడమా, లేక గుణాల్లో ఇది అని తేల్చలేకపోవడమా అన్నదానిపై పండితుల్లో చర్చ నేటికీ సాగుతోంది. రెండు అర్థాలూ ఆయన మనసులో కలిసే ఉండి ఉండవచ్చు.

కంటికి కనిపించని ఒక పదార్థం ఉండి తీరాలని, కనిపించే లోకం తీరును బట్టి నిర్ణయించడం ఆలోచనా చరిత్రలో పెద్ద ముందడుగు. తరవాతి కాలపు అణువులు, క్షేత్రాలు, కణాలు అన్నీ ఈ రకమైన ఊహకే వారసులు.

కాలం ఇచ్చే తీర్పు

మిగిలిన ఒక్క వాక్యం ప్రకృతిని న్యాయస్థానం మాటల్లో వర్ణిస్తుంది. వస్తువులు వేటి నుంచి పుడతాయో, నశించినప్పుడు వాటిలోకే చేరతాయనీ, అది అనివార్యమనీ, ఒకదానికొకటి చేసిన అన్యాయానికి కాలక్రమంలో పరిహారం చెల్లించుకుంటాయనీ దాని భావం. ఈ మాటల్లో కవిత్వపు ఛాయ ఉందని సింప్లిషియస్ అప్పుడే గమనించాడు.

దీన్ని రుతువులతో సరిచూస్తే అర్థం తేటపడుతుంది. ఎండాకాలంలో వేడి తన వాటాకు మించి ఆక్రమిస్తుంది. చలికాలం వచ్చి ఆ బాకీ వసూలు చేస్తుంది. పగలు సాగినంత సాగి రాత్రికి చోటు విడుస్తుంది. ఏ పక్షమూ శాశ్వతంగా గెలవదు. ఎవరికి ఎప్పుడు తీర్పు చెప్పాలో నిర్ణయించేది కాలం. ప్రకృతిలో జరిగేదంతా ఒక నియమానికి లోబడి, ఒక క్రమంలో జరుగుతుందన్న భావన గ్రీకు ఆలోచనలో ఇంత స్పష్టంగా కనిపించిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. ఊరి సభల్లో వాదప్రతివాదాలు విని తీర్పులు చెప్పుకునే సమాజం, లోకానికి కూడా అటువంటి చట్టం ఉందని ఊహించగలిగింది.

పాత ముద్రిత ప్రతుల్లో ‘ఒకదానికొకటి’ అన్న మాట జారిపోయింది. దానివల్ల ఉనికిలోకి రావడమే వస్తువులు చేసిన నేరమనీ, చావే దానికి శిక్ష అనీ కొందరు అర్థం చెప్పారు. జర్మన్ తత్త్వవేత్త నీషే 1873లో రాసిన వ్యాసంలో ఈ దృష్టే కనిపిస్తుంది. ఆ మాట తిరిగి చేరాక, వాక్యం వైరి గుణాల మధ్య సమతూకం గురించేనన్న అభిప్రాయం బలపడింది.

లోకం ఏర్పడిన తీరు

ఆయన లెక్కలో, ఆద్యంతాలు లేని మూలం నుంచి మొదట వేడినీ చలినీ పుట్టించగల బీజం వంటిది విడివడింది. దాని నుంచి పెరిగిన మంట, భూమి చుట్టూ ఉన్న గాలి పొరను చెట్టుకు బెరడు పట్టినట్టు పట్టింది. ఆ మంట గోళం పగిలి వలయాలుగా విడిపోయి, సూర్యచంద్ర నక్షత్రాలు ఏర్పడ్డాయి. బీజం, బెరడు వంటి ఉపమానాలు జీవలోకం నుంచి వచ్చినవి. లోకాన్ని ఒకరు చేసినట్టు కాకుండా, అది తనంత తాను పెరిగినట్టు ఆయన చూశాడు.

లోకాలు లెక్కలేనన్ని అని కూడా ఆయన అన్నట్టు ప్రాచీన రచయితలు రాశారు. అవి ఒకదాని తరవాత ఒకటి వచ్చేవా, ఒకేసారి ఉండేవా అన్నది వివాదాస్పదంగానే ఉంది.

ఆధారం లేని భూమి

అనాక్సిమాండర్ ఆలోచనల్లో అత్యంత సాహసోపేతమైనది భూమి స్థితి గురించి చెప్పినది. పైనుంచి వదిలిన ప్రతి వస్తువూ కింద పడుతుంది. మరి భూమి ఎందుకు పడదు? ఈ ప్రశ్నకు అన్ని జాతులూ ఏదో ఒక ఆధారాన్ని జవాబుగా చెప్పుకున్నాయి. మన పురాణాల్లో ఆదిశేషుడు మోస్తున్నాడు. థేలీస్ లెక్కలో భూమి నీటి మీద దుంగలా తేలుతోంది. అలాగైతే ఆ నీటిని మోసేదేమిటన్న ప్రశ్న మిగిలిపోతుంది.

అనాక్సిమాండర్ ఆ ప్రశ్నల గొలుసును మొదట్లోనే తెంచాడు. భూమి విశ్వానికి సరిగ్గా నడుమ ఉంది. అంచులన్నీ దానికి సమదూరంలో ఉన్నాయి. ఇటు కాకుండా అటే కదలడానికి దానికి ఏ కారణమూ లేదు. కారణం లేనప్పుడు కదలిక ఉండదు. అందుకే అది ఉన్నచోటే ఉంది. ఈ వాదాన్ని అరిస్టాటిల్ ‘ఆకాశం గురించి’ అనే గ్రంథంలో అనాక్సిమాండర్ పేరుతో చెప్పి, తెలివైనదే గాని నిజం కాదన్నాడు. అన్నం, నీళ్లు రెండూ సమదూరంలో ఉంటే, సమానమైన ఆకలిదప్పులున్న మనిషి ఎటూ కదలలేక ఉండిపోవాలి గదా అని ఆక్షేపించాడు.

ఈ ఊహ ఎంత దూరం దూకిందో ఆయన తరవాతివారిని చూస్తే తెలుస్తుంది. అనాక్సిమినీస్ వెనక్కి తగ్గి, పలకలాంటి భూమిని గాలి మోస్తోందన్నాడు. ప్లేటో మాత్రం ‘ఫీడో’ సంభాషణలో ఇదే సమతూకపు వాదాన్ని గుండ్రని భూమికి అన్వయించాడు. భారతదేశంలో ఆర్యభటుడు కూడా భూగోళం ఆకాశమధ్యంలో నిరాధారంగా నిలిచి ఉన్నదని రాశాడు. అది అనాక్సిమాండర్‌కు సుమారు వెయ్యేళ్ల తరవాతి మాట.

భూమి గుండ్రనిదని మాత్రం అనాక్సిమాండర్ అనుకోలేదు. అది గుడి స్తంభానికి వాడే రాతి దిమ్మెలా ఉంటుందన్నాడు. దాని మందం వెడల్పులో మూడో వంతు. పై ముఖం మీద మనం నడుస్తున్నాం, దానికి ఎదురుగా మరో ముఖం ఉంది.

నిప్పుల చక్రాలు

సూర్యచంద్ర నక్షత్రాలు ఆయన దృష్టిలో వెలిగే బింబాలు కావు. భూమి చుట్టూ బండి చక్రాల్లాంటి బోలు వలయాలు తిరుగుతున్నాయి. వాటి లోపల నిప్పు నిండి ఉంది. చుట్టూ దట్టమైన గాలి కమ్ముకుని ఉండడం వల్ల అది కనపడదు. వలయానికి ఒక చోట కొలిమి తిత్తి గొట్టం లాంటి రంధ్రం ఉంటుంది. అందులోంచి బయటికి వచ్చే మంటే మనకు కనిపించే సూర్యుడు. రంధ్రం మూసుకుపోతే గ్రహణం. చంద్రుడి రంధ్రం కొంచెం కొంచెంగా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండడం వల్ల వృద్ధిక్షయాలు.

సూర్యుడి చక్రం భూమికి 27 రెట్లు అని లెక్క చెప్పాడు. చంద్రుడి చక్రం 18 రెట్లు అన్నది పండితుల పూరణ. ఒక ఆధారంలో సూర్యుడికి 28, చంద్రుడికి 19 అని ఉంది. నక్షత్రాల సంఖ్య మిగలలేదు. వరుసను బట్టి 9 అయి ఉంటుందని ఆధునిక పండితులు పూరించారు. ఇవి కొలిచి తెచ్చిన అంకెలు కావు, తొమ్మిది గుణిజాలతో అల్లిన వరుస. నక్షత్రాలు చంద్రుడి కంటే దగ్గరగా ఉన్నాయనుకోవడం పొరపాటు. అయినా రెండు సంగతులు గుర్తించాలి. ఆకాశమంటే ఒకే కప్పు అనుకున్న కాలంలో ఆయన దానికి లోతు ఇచ్చాడు. ఆ లోతును అంకెల్లో చెప్పవచ్చని చూపించాడు. సూర్యుడు భూమి అంత పెద్దవాడని కూడా అన్నాడు. దాదాపు వందేళ్ల తరవాత గ్రీకు తత్త్వవేత్త అనాక్సగోరస్ సూర్యుడు పెలొపొనీస్ ద్వీపకల్పం కంటే పెద్దవాడని అనడమే పెద్ద మాటగా నిలిచింది.

వానలు, పిడుగులు, సముద్రం

గ్రీకులకు పిడుగు జ్యూస్ దేవుడి ఆయుధం, భూకంపం పొసైడన్ దేవుడి ఆగ్రహం. అనాక్సిమాండర్ ఈ వివరణలను పక్కన పెట్టాడు. మబ్బులో చిక్కుకున్న గాలి దాన్ని చీల్చుకుని బయటపడినప్పుడు వచ్చే చప్పుడు ఉరుము, ఆ చీలికలో కనిపించే వెలుగు మెరుపు. సూర్యుడి వేడికి భూమి నుంచి పైకి లేచిన ఆవిరి వానగా కురుస్తుంది. ఈ చివరి మాట ఇప్పటికీ నిలిచి ఉంది.

మొదట్లో భూమి అంతా తడిగా ఉండేదనీ, సూర్యుడు ఆర్చగా మిగిలిన తడే సముద్రమనీ, అదీ క్రమంగా ఎండిపోతుందనీ ఆయన చెప్పినట్టు థియోఫ్రాస్టస్ సంప్రదాయం చెబుతుంది.

జీవుల పుట్టుక

మొదటి ప్రాణులు తడిలో పుట్టాయి. వాటి ఒంటి మీద ముళ్ల బెరడు ఉండేది. వయసు వచ్చాక పొడినేల మీదికి చేరాయి, బెరడు పగిలింది, కొత్త తీరు బతుకు మొదలైంది. ఇది హిప్పోలిటస్, అయిటియస్ వంటివారు అందించిన సారాంశం.

మనిషి గురించి ఆయన వాదం ఇంకా ఆసక్తికరమైనది. ఇతర జంతువుల పిల్లలు పుట్టిన కొద్దికాలానికే తమ మేత తాము వెదుక్కుంటాయి. మనిషి బిడ్డ ఒక్కటే ఏళ్ల తరబడి తల్లి ఒడిలో పెరగాలి. తొలి మనుషులు కూడా ఇలాగే నిస్సహాయంగా పుట్టి ఉంటే, పెంచేవాళ్లు లేక ఆ జాతి నాడే అంతరించేది. కాబట్టి మనుషులు ఆదిలో వేరే జాతి ప్రాణుల నుంచి పుట్టి ఉండాలి. చేపల్లాంటి ప్రాణుల లోపల యుక్తవయసు దాకా పెరిగి, తమను తాము పోషించుకోగల స్త్రీ పురుషులుగా బయటికి వచ్చారని ఆయన భావించినట్టు రోమన్ రచయిత సెన్సోరినస్ తెలిపాడు.

దీన్ని బట్టి ఆయనను డార్విన్‌కు పూర్వగామి అనడం తొందరపాటు. జాతులు తరతరాలుగా కొద్దికొద్దిగా మారడం, ప్రకృతి వరణం వంటివి ఆయన ఆలోచనలో లేవు. 1859లో డార్విన్ గ్రంథం నిలబడింది ఏళ్ల తరబడి సేకరించిన సాక్ష్యాల మీద. అనాక్సిమాండర్‌కు ఉన్నది ఒక్క పరిశీలన, దాని మీద నిలబెట్టిన ఒక్క వాదన. కానీ పసిబిడ్డ నిస్సహాయతను చూసి మానవజాతి గతాన్ని ఊహించిన ఆ చూపు ఈనాటికీ అబ్బురపరుస్తుంది.

పటం, శంకువు

లోకపు పటాన్ని మొదట వెలువరించినవాడు అనాక్సిమాండర్ అని భౌగోళికుడు ఎరటోస్థెనీస్ చెప్పినట్టు స్ట్రాబో రాశాడు. ఆ పటం మిగలలేదు. మిలీటస్‌కే చెందిన హెకటేయస్ దాన్ని మెరుగుపరిచాడు. ఓడల వాళ్ల మాటల్లో చెల్లాచెదురుగా ఉన్న తీరాలనూ నదులనూ ఒకే చూపుకు అందేలా చేయడం మిలీటస్ లాంటి రేవు పట్నానికి తగిన పని.

నేల మీద నిలువుగా పాతిన కర్ర నీడను బట్టి పొద్దునూ రుతువులనూ గుర్తించే శంకువును గ్రీకులకు పరిచయం చేసిన ఘనత కూడా కొందరు ఆయనకే ఇచ్చారు. స్పార్టాలో దాన్ని నిలబెట్టి అయనాలనూ విషువత్తులనూ చూపించాడని చెబుతారు. అయితే ఈ పనిముట్టు బాబిలోనియన్ల నుంచి వచ్చిందని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ స్పష్టంగా రాశాడు. కాబట్టి అనాక్సిమాండర్‌ను దాని సృష్టికర్తగా కాక, దాన్ని గ్రీకు నేలపై వాడుకలోకి తెచ్చినవాడిగా చూడడం సబబు.

ప్రభావం, అంచనా

విరుద్ధాల పోరాటమే న్యాయమన్న తరవాతి గ్రీకు తత్త్వవేత్త హెరాక్లిటస్ మాటలో అనాక్సిమాండర్‌కు సమాధానం వినిపిస్తుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆధునిక కాలంలో ఆయనపై ఆసక్తి మరింత పెరిగింది. జర్మన్ తత్త్వవేత్త హైడెగర్ 1946లో ఆ ఒక్క వాక్యం మీదే దీర్ఘ వ్యాసం రాశాడు. నిరాధారమైన భూమి భావనను మానవ ఆలోచనలోని గొప్ప సాహసాల్లో ఒకటిగా తత్త్వవేత్త కార్ల్ పాపర్ 1958లో కీర్తించాడు. పండితుడు చార్లెస్ కాన్ 1960లో ప్రచురించిన అధ్యయనం ఆ తరవాతి పరిశోధనకు పునాది అయింది. భౌతికశాస్త్రవేత్త కార్లో రొవెల్లి 2009లో వెలువరించిన గ్రంథం విజ్ఞానశాస్త్ర ఆలోచనకు ఆయనే ఆద్యుడని వాదించింది.

ఈ ప్రశంసలకు హద్దు గుర్తుంచుకోవాలి. అనాక్సిమాండర్ ప్రయోగాలు చేయలేదు. తన అంకెలను పరీక్షకు పెట్టలేదు. ఆయన గురించి మనకు తెలిసినదంతా ఇతరుల మాటల్లో వడగట్టి వచ్చినదే.

అయినా ఆయన పద్ధతి విలువ తగ్గదు. గురువు ప్రశ్నను గౌరవించి, గురువు జవాబును కారణం చూపి కాదన్నాడు. ఆయన తరవాతివాళ్లు ఆయనతోనూ అలాగే వ్యవహరించారు. విజ్ఞానం ముందుకు సాగింది ఈ దారినే. కింద ఏమీ లేకపోయినా భూమి పడదని, కేవలం ఆలోచనతో, మిలీటస్ రేవులో కూర్చున్న ఒక మనిషి 2,500 ఏళ్ల కిందటే చెప్పాడు. అనాక్సిమాండర్ రాసిన గ్రంథమంతా పోయినా, ఆ ఒక్క మాట ఆయనను మానవజాతి గొప్ప ఆలోచనాపరుల్లో నిలబెడుతుంది.